ఎగువ టెహ్రాన్, దిగువ టెహ్రాన్: విప్లవంలో పెరిగిన పిల్లలు

ఏడాదికి ఒకట్రెండుసార్లు ఆ ఫొటో మన వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తుంది. 1970ల నాటి టెహ్రాన్. పొట్టి గౌన్లు వేసుకుని, జుట్టు విరబోసుకుని, నవ్వుకుంటూ నడుస్తున్న కాలేజీ అమ్మాయిలు. పక్కనే ఒళ్ళంతా కప్పే నల్ల చాదర్లలో ఉన్న ఆడవాళ్ళ ఫొటో ఇంకొకటి. కింద "ఇరాన్ అప్పుడు, ఇప్పుడు" అని ఒక ముక్క. పంపినవాళ్ళ రాజకీయాలను బట్టి దానికో హెచ్చరిక కూడా తగిలించి ఉంటుంది.

ఫొటో అబద్ధం కాదు. ఆ అమ్మాయిలు నిజంగానే ఉన్నారు, అలాగే తిరిగారు. కాకపోతే అదే ఏడాది, అదే ఊళ్ళో, రైల్వే స్టేషన్‌కి దిగువనున్న పేటల్లో తీసిన ఫొటోని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. అక్కడి ఆడవాళ్ళు రాజైన షా మొహమ్మద్ రెజా పహ్లవీ కాలంలోనూ చాదర్‌లోనే ఉన్నారు. వాళ్ళ కూతుళ్ళలో చాలామంది హైస్కూలు గడప తొక్కలేదు. 1976 జనాభా లెక్కల ప్రకారం ఇరాన్ ఆడవాళ్ళలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు నూటికి 35 మంది చిల్లర మాత్రమే. ఫొటోలో ఉన్నది ఆ 35 మందిలో కూడా పైమెట్టు మీదున్న కొద్దిమంది.

హాయిగా, స్వేచ్ఛగా బతుకుతున్న దేశాన్ని మతం వచ్చి మింగేసిందన్నది ఇరాన్ గురించి మనం ఎక్కువగా వినే కథ. కొన్ని ఇళ్ళకు అది అక్షరాలా నిజం. మరికొన్ని ఇళ్ళలో కథ దాదాపు తిరగబడి ఉంటుంది. 1979లో షా పోయి ఇస్లామిక్ ప్రభుత్వం వచ్చిన విప్లవం నాటికి పదేళ్ళ వయసున్న ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుంటే, ఒకరికి విప్లవం బడి మీద పడ్డ తాళం, ఇంకొకరికి బడి తలుపు తెరిచిన తాళంచెవి. ఏ వీధిలో పుట్టారన్నదే తేడా. హిజాబ్ ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే ఈ తేడా కంటికి ఆనదు.

వాలు మీద కట్టిన ఊరు

టెహ్రాన్ అల్బోర్జ్ కొండల వాలు మీద ఉంటుంది. ఉత్తరాన, కొండ మొదట్లో షెమిరాన్, తజ్రిష్, షా కుటుంబం నివసించిన నియావరాన్ ప్యాలెస్. అక్కడ గాలి చల్లన, చెట్లు ఎక్కువ. దక్షిణాన పల్లంలో రైల్వే స్టేషన్, షూష్, నాజీఆబాద్, ఇటుక బట్టీలు. ఈ రెండు చివరల్నీ కలుపుతూ చినార్ చెట్ల వరసల మధ్య ఒకటే రోడ్డు, సుమారు 18 కిలోమీటర్లు. షా కాలంలో దాని పేరు పహ్లవీ వీధి. విప్లవం తర్వాత కొన్నాళ్ళు మొసద్దెక్ వీధి, ఆపైన వలీఅస్ర్. రోడ్ల పక్కన జూబ్‌లనే కాలవల్లో కొండ నీళ్ళు పైనుంచి కిందికి పారేవి. ఇంటింటికీ కుళాయిలు రాకముందు పైవాళ్ళు వాడి వదిలిన నీళ్ళే కిందివాళ్ళకు దక్కేవి.

ఈ పల్లంలోకి జనం ఎక్కడి నుంచి వచ్చారన్నది ముఖ్యం. 1962లో మొదలైన భూసంస్కరణల్నీ, ఆడవాళ్ళకు ఓటు హక్కునూ, పల్లెలకు చదువు చెప్పే దళాల్నీ కలిపి షా 1963లో 'శ్వేత విప్లవం' అని పేరు పెట్టాడు. భూస్వాముల పొలాలు కొన్ని కౌలుదార్లకు పంచారు. సాగు హక్కు లేని కూలీలకు సెంటు కూడా రాలేదు. వచ్చినవాళ్ళలో చాలామందికి ఆ చెక్క తిండికి చాలలేదు. పల్లెలు పట్నం దారి పట్టాయి. 1973 చివర్లో చమురు ధర నాలుగు రెట్లయ్యాక డబ్బంతా నగరాల్లో కుమ్మరించారు. మేడలు లేచాయి, వాటికి ఇటుకలు మోసినవాళ్ళు ఊరి చివర రేకుల గుడిసెల్లో సర్దుకున్నారు. 1977 వేసవిలో మునిసిపాలిటీ బుల్డోజర్లు ఆ గుడిసెల్ని కూల్చడానికి వస్తే జనం తిరగబడ్డారు. విప్లవపు తొలి చప్పుళ్ళలో అదీ ఒకటి. ఆ ఏడాది చివర్లో జరిగిన కవితా సభలకు చరిత్ర పుస్తకాల్లో దక్కిన చోటు ఈ గుడిసెల గొడవకు దక్కలేదు. రాసేవాళ్ళు సభలకు వెళ్ళినవాళ్ళు కదా.

ఎగువ ఇళ్ళలో పెరిగిన పిల్లలకు ఫ్రెంచి బడో ఇంగ్లీషు బడో, వేసవికి యూరప్ ప్రయాణం. ఆ ఇళ్ళలో వామపక్షంవైపు మొగ్గినవి తక్కువేం కాదు. భోజనాల బల్ల దగ్గర పెద్దవాళ్ళు మార్క్స్ గురించి, వియత్నాం గురించి మాట్లాడుకుంటుంటే పల్లె నుంచి పనికి తెచ్చుకున్న అమ్మాయి వంటింట్లో ఒంటరిగా తినేది. ఇంటి పిల్లకూ ఆమెకూ నాలుగైదేళ్ళే తేడా. ఒకే కప్పు కింద నిద్ర, చదువు మాత్రం ఒకరికే. వర్గం అంటే ఏమిటో ఆ ఇళ్ళ పిల్లలకు పుస్తకాల కంటే ముందు వంటింట్లో అర్థమయ్యేది.

కర్బలా ఎవరిది?

ఎగువ ఇంటి పిల్లకు మతం అంటే చాలావరకు నాయనమ్మ. ఆమె నమాజు, ఆమె ఉపవాసం, ఆమె మొక్కులు. దిగువ వీధి పిల్లవాడికి మతం అంటే మొత్తం పేట. పల్లె వదిలి వచ్చినవాళ్ళు, ఒకే ప్రాంతంవాళ్ళు కలిసి 'హెయ్యత్' అనే బృందాలు పెట్టుకునేవారు. మొహర్రం నెలలో ఊరేగింపులు, శోకగీతాలు వాటి ప్రధానమైన పని. మిగతా ఏడాదంతా అప్పు కావాలన్నా, పని కావాలన్నా, పెళ్ళి సంబంధం కావాలన్నా అక్కడికే వెళ్ళాలి. ప్రభుత్వం కనిపించని చోట కనిపించింది అదే.

కర్బలా కథ మనకు కొత్తది కాదు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులు కూడా పీర్లు ఎత్తుతారు, గుండం చుట్టూ ఆడతారు. హైదరాబాద్ పాతబస్తీలో మొహర్రం పదో రోజైన అషురా నాడు బీబీ కా ఆలం ఏనుగు మీద ఊరేగుతుంది. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు షియాలు. వాళ్ళ మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడే. క్రీ.శ. 680లో ప్రవక్త మనవడు ఇమాం హుసేన్ ఖలీఫా యజీద్‌కు లొంగనన్నాడు. కొద్దిమంది అనుచరులతో కర్బలా దగ్గర చిక్కుకుపోయి, తాగే నీళ్ళు కూడా లేకుండా పోరాడి చనిపోయాడు. ఈ కథ విని ఏడవచ్చు, తిరగబడనూవచ్చు. ఇరాన్‌లో దీన్ని చాలాకాలం ఎక్కువగా ఏడవడానికే వాడారు.

1960ల చివర నుంచి దాన్ని రెండోవైపు తిప్పినవాళ్ళలో అలీ షరియతీ ముఖ్యుడు. ఖొరాసాన్‌లో పుట్టి, పారిస్‌లో చదివి, టెహ్రాన్‌లోని హొసేనియే ఎర్షాద్ హాల్లో ఉపన్యాసాలిచ్చాడు. రాజుల పక్కన చేరి జనాన్ని ఏడిపించేది నల్ల షియా మతమని, పీడితుల పక్కన నిలబడేది ఎర్ర షియా మతమని విడదీశాడు. ఆయన ముందు కూర్చున్నది ఎవరు? ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చిన పిల్లలు. ఇంటి దగ్గర నమాజు, కాలేజీలో మార్క్స్. రెండింట్లో దేన్ని వదులుకున్నా ఏదో ద్రోహం చేస్తున్నట్టు ఉండే వయసు. ఏదీ వదలక్కర్లేదని ఆయన చెప్పాడు. ఆ మాటకు ఎంత బలముందో షా గూఢచారి సంస్థ సావాక్‌కి ఆలస్యంగా తెలిసింది. షరియతీ 1977లో ఇంగ్లండ్‌లో చనిపోయాడు, విప్లవాన్ని చూడలేదు.

1964 నుంచి ప్రవాసంలో ఉన్న మతనాయకుడు ఖొమైనీ ఈ భాషను తనదిగా చేసుకున్నాడు. 'మొస్తజఫీన్' అంటే అణగారినవాళ్ళు, 'తాఘూతీ' అంటే పాత పాలన అండతో బతికినవాళ్ళు, ఒకవైపు గుడిసెలవాళ్ళు, ఇంకోవైపు మేడలవాళ్ళు. ఈ జతలు ఆయన ఉపన్యాసాల్లో మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. క్యాసెట్లలో అవి మసీదుల నుంచి ఇళ్ళకు చేరాయి.

డబ్బు మాటేమిటంటే, అది బజారు నుంచి వచ్చింది. టెహ్రాన్ పెద్ద బజారు వర్తకులు పేదవాళ్ళు కారు, పాశ్చాత్య అలవాట్లున్నవాళ్ళూ కారు. తమ లాభాల్లోంచి 'ఖుమ్స్' అనే అయిదో వంతు మతపెద్దలకు ఇచ్చే ఆనవాయితీ వాళ్ళది. 1975లో షా దేశాన్ని ఒకే పార్టీ కిందికి తెచ్చి, ధరల పెరుగుదలకు వర్తకులే కారణమంటూ కుర్రాళ్ళను కొట్ల మీద తనిఖీలకు పంపాడు. వేలమంది దుకాణదారులు జరిమానాలు కట్టారు, కొందరు జైలుకూ వెళ్ళారు. అప్పటిదాకా గొణుక్కుంటున్న బజారు పూర్తిగా మసీదువైపు జరిగింది.

మరి కమ్యూనిస్టులు ఏమయ్యారని మన పాఠకులకు అనుమానం రావడం సహజం. 1951లో చమురును జాతీయం చేసిన ప్రధాని మొసద్దెక్‌ను 1953 ఆగస్టులో సి.ఐ.ఎ., బ్రిటిష్ గూఢచారులు కలిసి కూలదోశాక, తూదే పార్టీని నామరూపాల్లేకుండా చేశారు. యూనియన్లు, పత్రికలు, పార్టీలు అన్నీ మూతపడ్డాయి. దేశమంతటా పదిమంది కలుసుకోగలిగిన చోటు, పూర్తిగా మూయడం షాకు సాధ్యంకాని చోటు, మసీదు ఒక్కటే మిగిలింది. మతం గెలవడానికి జనం భక్తి ఎంత కారణమో, మిగతా తలుపులన్నీ షా స్వయంగా మూసుకోవడం అంతే కారణం.

1978లో జరిగింది అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. జనవరిలో ఖొమైనీని కించపరిచే వ్యాసం ఒకటి పత్రికలో వచ్చింది. ఖోమ్ నగరంలో నిరసన, కాల్పులు. షియా ఆచారం ప్రకారం చనిపోయినవాళ్ళకు నలభయ్యో రోజు సంతాపం, ఆ సంతాపంలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ నలభై రోజులు. సెప్టెంబరు 8న టెహ్రాన్ జాలే కూడలిలో సైన్యం జనాన్ని కాల్చింది. శరదృతువులో చమురు కార్మికులు సమ్మెకు దిగారు. డిసెంబరులో అషురా ఊరేగింపుకి లక్షల జనం వీధుల్లోకి వచ్చారు. చాదర్లు, జీన్సులు, గడ్డాలు, టైలు అన్నీ ఆ జనంలో ఉన్నాయి. 1979 జనవరి 16న షా దేశం వదిలాడు, ఫిబ్రవరి 1న ఖొమైనీ దిగాడు. మార్చి చివర్లో జరిగిన రిఫరెండంలో ఇస్లామిక్ రిపబ్లిక్‌కు 98 శాతం 'సరే' అన్నారు. ప్రతి ఒక్కరూ తమ తమ విప్లవం గెలిచిందనుకున్నారు.

బడిలోకి వచ్చిన విప్లవం

ముందుగా తేలిపోయింది ఆడపిల్లల సంగతి. ఆఫీసులకు ఆడవాళ్ళు హిజాబ్‌తోనే రావాలన్న ఖొమైనీ మాట బయటికి రాగానే, 1979 మార్చి 8న టెహ్రాన్‌లో వేలమంది ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు, రోజుల తరబడి నిరసన చేశారు. ఇక్కడ వర్గం ఎంత మోసం చెయ్యగలదో చూడాలి. వామపక్ష సంఘాల్లో ఎక్కువభాగం వాళ్ళ పక్కన నిలబడలేదు. అది ఎగువ ఇళ్ళ ఆడవాళ్ళ గొడవ, సామ్రాజ్యవాదంతో పోరాటం ముందు చిన్న విషయం అని తేల్చేశాయి. 1980లో ప్రభుత్వాఫీసుల్లో, ఆ వెంటనే బడుల్లో హిజాబ్ తప్పనిసరైంది. 1983 చట్టంతో హిజాబ్ లేకపోతే 74 కొరడా దెబ్బలు. చిన్న విషయం అన్న సంఘాల్ని కూడా ఆ లోపే తుడిచిపెట్టారు.

దీనికి ముందు జరిగినదొకటి మరిచిపోకూడదు. 1936లో షా తండ్రి రెజా షా హిజాబ్‌ను నిషేధించాడు. పోలీసులు వీధిలో ఆడవాళ్ళ తలమీది గుడ్డ లాగేసేవారు. సంప్రదాయ కుటుంబాలు ఆడపిల్లల్ని బడి మాన్పించాయి, కొందరు ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి గడప దాటలేదు. ఆ అవమానం పట్టణపు పెద్ద ఇళ్ళకు గుర్తులేదు, దిగువ పేటల అమ్మమ్మలకు బాగా గుర్తుంది. తీయమన్నా, కప్పుకోమన్నా పోలీసు చెయ్యి మాత్రం ఒకటే.

బడి మొత్తం మారింది. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి చదివే బడులు పోయాయి. పాఠ్యపుస్తకాల్లో షా బొమ్మ ఉన్న పేజీ చింపమన్నారు. ఏడేళ్ళ పిల్లలు కూడా తలకు 'మఖ్నయే' తొడుక్కుని వరసలో నిలబడి నినాదాలు చెప్పాలి. 'పర్వరేషీ' అని నైతిక శిక్షణకు ప్రత్యేకంగా టీచర్లు వచ్చారు. ఆడపిల్లకు చాంద్రమానం ప్రకారం తొమ్మిదేళ్ళు నిండితే మతవిధులు వర్తిస్తాయి కాబట్టి, బడిలోనే తెల్ల చాదర్లు కప్పి 'జష్నె తక్లీఫ్' అనే వేడుక చేసేవారు. ఇప్పటికీ చేస్తారు. యూనివర్సిటీలను 'సాంస్కృతిక విప్లవం' పేరుతో 1980లో మూసేశారు, తెరవడానికి రెండేళ్ళకు పైనే పట్టింది. షీరీన్ ఎబాదీలాంటి మహిళా జడ్జీలను ఆడవాళ్ళు తీర్పు చెప్పకూడదంటూ గుమస్తా పనుల్లోకి నెట్టారు. ఆమెకే 2003లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఎగువ ఇళ్ళ పిల్లలు ఈ కాలంలో నేర్చుకున్న మొదటి విద్య అబద్ధం. ఇంట్లో వీడియో ఉందా, నాన్న తాగుతాడా, అమ్మ నమాజు చేస్తుందా అని బడిలో ఆరా తీస్తారు. ఏం చెప్పాలో రాత్రే అమ్మానాన్నలు నేర్పించేవారు. ఇంట్లో ఒక మొహం, బయట ఒక మొహం. దీన్ని చాలామంది రచయితలు అద్భుతంగా రాశారు. ఇంట్లో కూడా బడిలో చెప్పిన మాటే నడిచే పిల్లల గురించి రాసినవాళ్ళు తక్కువ.

ఆ పిల్లల ఇంట్లో ఏం జరిగిందంటే, కరెంటు వచ్చింది. 1979లో మొదలైన 'జిహాదె సాజందగీ' అనే సంస్థలో కుర్రాళ్ళు పల్లెలకు వెళ్ళి రోడ్లు వేశారు, తీగలు లాగారు, మంచినీళ్ళ గొట్టాలు వేశారు. ఆ ఏడాది చివర్లోనే పెద్దవాళ్ళకు చదువు చెప్పే ఉద్యమం మొదలైంది. ఊరివాళ్ళకే శిక్షణ ఇచ్చి నడిపే ఆరోగ్య కేంద్రాలు 1980ల్లో పల్లెపల్లెకూ వచ్చాయి, పసిపిల్లల మరణాలు బాగా తగ్గాయి. పహ్లవీ కుటుంబ ఆస్తులు, పారిపోయిన ధనికుల ఫ్యాక్టరీలు మొస్తజఫాన్ ఫౌండేషన్ కిందికి చేరాయి. పంపకం న్యాయంగా జరిగిందని నేననడం లేదు. ఎవరి వాటా ఎవరికి పోయిందో తర్వాత చూద్దాం.

అన్నిటికంటే పెద్ద మార్పు ఎవరూ ఊహించని దారిలో వచ్చింది. మగపిల్లలతో కలిసి కూర్చునే, తల కప్పుకోని పంతులమ్మ ఉండే బడికి కూతుర్ని పంపనని 1975లో మొండికేసిన తండ్రి దగ్గర 1985లో సాకు మిగల్లేదు. బడి ఇప్పుడు ఇమాం ఖొమైనీది. టీచరు చాదర్‌లో ఉంది. పిల్ల వెళ్ళింది.

యుద్ధం ఎవరి పిల్లల్ని అడిగింది

1980 సెప్టెంబరు 22న సద్దాం హుసేన్ సైన్యం దాడి చేసింది. యుద్ధం 1988 ఆగస్టు దాకా సాగింది. ఎనిమిదేళ్ళు, అంటే ఒక బాల్యమంతా.

హొసేన్ ఫహ్మీదే అనే 13 ఏళ్ళ పిల్లవాడు ఖొర్రంషహర్ దగ్గర గ్రెనేడ్లతో ట్యాంకు కిందికి దూకి చనిపోయాడు. మన నాయకుడు ఆ కుర్రవాడే అని ఖొమైనీ అన్నాడు. ఆ పిల్లవాడి బొమ్మ పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. బసీజ్ అనే ప్రజాసైన్యం వాలంటీర్లలో బడి ఈడు పిల్లలు వేలల్లో ఉన్నారు. కర్బలా కథ ఇప్పుడు ప్రభుత్వం చేతిలో ఉంది. సద్దామే యజీద్, సరిహద్దే కర్బలా. షరియతీ ఏ కథతో తిరగబడమన్నాడో అదే కథతో ఇప్పుడు ఆజ్ఞ పాటించమన్నారు.

పేదలే యుద్ధానికి వెళ్ళారనడం తప్పు. తప్పనిసరి సైనిక సేవ అందరికీ ఉంది, దేశం మీద దాడి జరిగితే అన్ని ఇళ్ళవాళ్ళూ లేచారు. అయినా డబ్బున్న కుటుంబాలు కొడుకును సైన్యం వయసు దగ్గరపడేలోపే టర్కీ మీదుగానో, వీసా సంపాదించో దాటించగలిగాయి. డబ్బులేనివాళ్ళకు ఆ దారి లేదు. టెహ్రాన్ సందుల పేర్లెన్నో అమరుల పేర్లుగా మారాయి. ఏ సందులో ఎన్ని పేర్లున్నాయో చూస్తూ ఎగువ నుంచి దిగువకు నడిస్తే చాలు. 1988లో ఇరాకీ క్షిపణులు రాజధాని మీద పడ్డప్పుడు కూడా కార్లు, కాస్పియన్ తీరాన విల్లాలు ఉన్నవాళ్ళే ముందు బయటపడ్డారు.

చనిపోయినవాళ్ళ కుటుంబాలకు ప్రభుత్వం రుణం తీర్చుకుంది. పింఛను, ఇల్లు, ఉద్యోగం, యూనివర్సిటీలో కోటా. దిగువ వీధిలో అన్న పోయిన పిల్లకు కాలేజీ సీటు వచ్చింది. ఎగువ వీధిలో మంచి ర్యాంకు వచ్చి సీటు రాని పిల్లకు కోపం వచ్చింది. ఇద్దరి దుఃఖమూ నిజమే. ఇద్దరి మధ్య మాట మాత్రం తెగిపోయింది.

అరవైల పిల్లలు

ఇరానీలు తమ తరాలను తమ కేలండర్ ప్రకారం పిలుచుకుంటారు. 1360లలో, అంటే మన లెక్కలో 1981 నుంచి 1991 దాకా పుట్టినవాళ్ళు 'దహే షస్తీ'లు, అరవైల పిల్లలు. దేశ జనాభా 1976లో 3.37 కోట్లు, 1986కల్లా 4.94 కోట్లు. ఈ పిల్లలు ఎక్కడికి వెళ్ళినా రద్దీయే. బడిలో షిఫ్టులు, కూపన్లతో పాలు, మన ఎంసెట్‌లాంటి 'కొంకూర్' పరీక్షకు లక్షల్లో పోటీ.

ప్రభుత్వం భయపడింది. 1989లో అదే మతపెద్దలు కుటుంబ నియంత్రణకు జైకొట్టారు. పెళ్ళికి ముందు జంటలు క్లాసులకు హాజరు కావాలన్నారు. 1980లలో ఒక్కో తల్లికి ఆరుగురు దాటిన సగటు 2000 ప్రాంతానికి రెండు దరిదాపులకు పడిపోయింది. ఇంత వేగంగా పడిన దేశాలు బహు తక్కువ. క్లాసులు, మాత్రలతోనే అది జరగలేదు. ఆ బడికెళ్ళిన పిల్లలు తల్లులయ్యారు, వాళ్ళకు ఇద్దరు చాలనిపించింది.

అక్షరాస్యులైన ఆడవాళ్ళు 2016 నాటికి 84 శాతం. 2000 తర్వాత కొన్నేళ్ళ పాటు యూనివర్సిటీ సీట్లు తెచ్చుకున్నవాళ్ళలో సగానికి పైగా అమ్మాయిలే. 1977లో పుట్టి, యుద్ధం ముగిసేసరికి ప్రాథమిక చదువు పూర్తిచేసిన మరియం మీర్జాఖానీ టెహ్రాన్‌లోని ప్రతిభావంతుల బడిలో, షరీఫ్ యూనివర్సిటీలో చదివి 2014లో గణితంలో ఫీల్డ్స్ మెడల్ అందుకుంది. ఆ మెడల్ తెచ్చుకున్న మొదటి మహిళ ఆమె. 2012లో కొన్ని యూనివర్సిటీలు కొన్ని కోర్సుల్లో అమ్మాయిల్ని చేర్చుకోవడం ఆపేశాయంటే ఎంత కంగారుపడ్డారో తెలుస్తుంది.

చదువైతే ఇచ్చారు, దాన్ని వాడుకునే చోటు ఇవ్వలేదు. ఉద్యోగం చేస్తున్న, వెతుకుతున్న ఆడవాళ్ళు అయిదో వంతు కూడా లేరు. విడాకులు, పిల్లల పెంపకం, సాక్ష్యం, వారసత్వం, అన్నిట్లో చట్టం ఆమెను సగం మనిషిగానే లెక్కపెట్టింది. ఇంజనీరింగ్ చదివిన కూతురు దేశం దాటాలంటే భర్త సంతకం కావాలి. 1997 అధ్యక్ష ఎన్నికల్లో సంస్కరణవాది ఖాతమీకి దాదాపు 70 శాతం ఓట్లు వేసి దేశం సంస్కరణ కోసం ఎదురుచూసింది. 1999లో విద్యార్థుల హాస్టల్ మీద దాడితో ఆ ఆశకు మొదటి దెబ్బ, 2009 ఎన్నికల తర్వాత 'ఓటు ఏది' అని అడిగినవాళ్ళ మీద కాల్పులతో రెండో దెబ్బ.

ఈ ఎదుగుదలలో ఎవరెవరికి చోటు లేదో కూడా చెప్పాలి. పార్లమెంటులో ఆర్మేనియన్లకు, అస్సీరియన్లకు, యూదులకు, జొరాస్ట్రియన్లకు కలిపి అయిదు సీట్లున్నాయి. బహాయీ మతస్థులకు గుర్తింపే లేదు. విప్లవం తర్వాత వాళ్ళలో 200 మందికి పైగా మరణశిక్షకు గురయ్యారు. పిల్లల్ని యూనివర్సిటీలు చేర్చుకోకపోతే 1987లో ఇళ్ళలోనే రహస్యంగా సొంత యూనివర్సిటీ పెట్టుకున్నారు. సున్నీలైన కుర్దు, బలూచ్ పిల్లలకు బడిలో పరాయి భాష, పరాయి శాఖ రెండూ ఎదురవుతాయి. వాళ్ళ ప్రాంతాలు దేశంలోని బాగా పేద ప్రాంతాల్లో ఉండడం కాకతాళీయం కాదు.

కొత్త మేడలవాళ్ళు

మేడలు ఖాళీగా ఉండవు. తాఘూతీలు వదిలివెళ్ళిన చోటుకి ఇరవై ఏళ్ళు తిరిగేసరికి కొత్తవాళ్ళు చేరారు. ఫౌండేషన్ల పెద్దలు, విప్లవ రక్షణకు పెట్టిన సైన్యం రివల్యూషనరీ గార్డ్స్ కాంట్రాక్టులు దక్కినవాళ్ళు, పలుకుబడి ఉన్న మతపెద్దల పిల్లలు. వీళ్ళ సంతానాన్ని జనం 'ఆఘాజాదే' అంటారు, పెద్దయ్యగారి బిడ్డ అని ఎత్తిపొడుపు. 2014 ప్రాంతంలో ఎగువ టెహ్రాన్ కుర్రకారు పోర్షే కార్లు, ఈతకొలనుల పార్టీలు ఇన్‌స్టాగ్రాంలో పెడుతుంటే దేశమంతా చూసింది. 2005లోనే కమ్మరి కొడుకు అహ్మదీనెజాద్ చమురు డబ్బు మీ భోజనాల దగ్గరికి తెస్తానని అధ్యక్షుడిగా గెలిచాడు. నెలనెలా నగదు పంచాడు కూడా. ద్రవ్యోల్బణం దాన్ని తినేసింది. 2018లో అమెరికా అణు ఒప్పందం నుంచి తప్పుకుని ఆంక్షలు బిగించాక రియాల్ కూలిపోయింది. 2015లో డాలరుకు 30 వేల చిల్లర ఉన్నది 2022 చివరికి నాలుగు లక్షలు దాటింది.

అప్పటికి హిజాబ్ కూడా వర్గం లెక్కలో పడింది. గేటు లోపల, విల్లాలో, సొంత కారులో డబ్బు నియమాలను సడలించేది. మెట్రో దిగి ఆఫీసుకు నడిచే అమ్మాయికి, బంధువుల ఇంటికి పల్లె నుంచి వచ్చిన అమ్మాయికి 'గష్తె ఎర్షాద్' అనే నైతిక పోలీసుల వ్యాన్ ఎదురయ్యేది. 2022 సెప్టెంబరులో టెహ్రాన్‌లో ఆ వ్యాన్ ఎక్కించింది సక్కెజ్ అనే కుర్దు పట్టణం నుంచి వచ్చిన 22 ఏళ్ళ అమ్మాయిని. కాగితాల్లో మహ్సా అమీనీ, ఇంట్లో జీనా. 16న ఆమె ఆసుపత్రిలో చనిపోయింది.

తర్వాత వీధుల్లోకి వచ్చింది 'దహే హష్తాదీ'లు, 2001 తర్వాత పుట్టినవాళ్ళు. బడిపిల్లలు మఖ్నయేలు తీసి గాల్లో ఊపారు, ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చిన అధికారుల్ని అరిచి పంపించారు. వీళ్ళకూ అరవైల పిల్లలకూ ఒక తేడా ఉంది. ఇంట్లో ఒక మొహం, బయట ఒక మొహం అన్న విద్యను వీళ్ళు నేర్చుకోలేదు, లేదా నేర్చుకుని వద్దనుకున్నారు. వీళ్ళలో చాదర్ కప్పుకున్న తల్లుల కూతుళ్ళూ ఉన్నారు. ఆ తల్లులను బడికి పంపింది ఇస్లామిక్ రిపబ్లిక్కే. మానవ హక్కుల సంస్థల లెక్కల్లో చనిపోయినవాళ్ళు 500 పైన, అందులో అరవైమందికి పైగా 18 ఏళ్ళు నిండనివాళ్ళు. 2023 సెప్టెంబరులో పార్లమెంటు ఇంకా కఠినమైన హిజాబ్ బిల్లును ఆమోదించింది, దాన్ని అమల్లో పెట్టడానికి జంకి 2024 డిసెంబరులో పక్కన పెట్టారు.

అయినా 2022లో 1979 మళ్ళీ రాలేదు. 2009లో రోడ్డెక్కింది ఎక్కువగా మధ్యతరగతి టెహ్రాన్, దిగువ పేటలు చూస్తూ ఉండిపోయాయి. 2019 నవంబరులో పెట్రోలు ధర పెరిగి చిన్న పట్టణాలు, శివారు బస్తీలు మండాయి. అమ్నెస్టీ 300కు పైగా మరణాలు నమోదు చేసింది, ఎగువ టెహ్రాన్ పెద్దగా కదల్లేదు. 2022లో రెండూ దగ్గరికొచ్చాయి, అస్సలూయే పెట్రోకెమికల్ కాంట్రాక్టు కార్మికులు కొన్నాళ్ళు పని ఆపారు, కానీ 1978 నాటిలా చమురు ఉత్పత్తి ఆగలేదు. షా కాలంలో బజారు డబ్బు, కార్మికుల సమ్మె, యూనివర్సిటీ కోపం, పేట కన్నీళ్ళు వచ్చి కలుసుకోవడానికి మసీదు ఉంది. ఇప్పుడు మసీదు ప్రభుత్వానిది, స్వతంత్ర యూనియన్లకు, ప్రతిపక్ష పార్టీలకు చోటు లేదు. ఈ తరానికి ఉన్నది ఫోను. 2019 నవంబరులో ప్రభుత్వం దేశం మొత్తం మీద ఇంటర్నెట్‌ను దాదాపు వారం రోజులు ఆపేసింది.